ఫిలోమెన్‌కు ఏటి ఒడ్డున అయిదడుగులు

సస్కాచివాన్ నది దక్షిణపు పాయ,
1884 ఏప్రిల్.

భూముల ఆఫీసరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా భార్యను పూడ్చుకొనుటకు అనుమతి కోరుట గురించి.

అన్సెల్మ్ లాడూసర్ అను నేను టోపీ తీసి రాసుకునేది ఏమనగా:

1. ఈ ఏడు దేశానికి రైలొచ్చిందని, దేశం పెద్దదయిందని పేపర్లో వేశారట. సంతోషం. మాకు మాత్రం మేం వేటాడి బతికే అడవిదున్నల మందలు పోయి, కొలత గొలుసులు పట్టుకుని తమ సర్వేవాళ్లొచ్చారు. మా తాతల నాటి నుంచి మా భూములు సన్నంగా, పొడుగ్గా ఏటి దాకా ఉంటాయి. అందరికీ నీళ్లు అందాలని. తమవాళ్లు వాటి మీద చదరాలు గీశారు. నా వాటా ఏటి ఒడ్డు హాస్కెట్ అనే దొర పేర పోయింది. ఆయన్ని ఇక్కడ చూసినవాడు లేడు.

2. నా భార్య ఫిలోమెన్ జనవరిలో దగ్గుతో పోయింది. చలికాలం నేల గడ్డకట్టి గునపం దిగదు కదా. మా ఆనవాయితీ ప్రకారం కొట్టం కప్పు మీద, తోడేళ్లకందకుండా పడుకోబెట్టాం. మిగిలిన ఒక్క దున్న తోలూ ఆవిడకే కప్పాం. బతికుండగా అడిగితే ఇవ్వలేదు, అమ్ముదామని దాచాను.

3. మా ఇద్దరు పిల్లలు ఆ ఒడ్డునే ఉన్నారు. వాళ్ల పక్కన చోటు కావాలని తమ ఆఫీసుకొచ్చాను.

"అక్కడ పార పెడితే జైలే. దొర దగ్గర కాగితం తెచ్చుకో" అన్నాడు తమ గుమాస్తా.

"దొరగారెక్కడుంటారు బాబూ?"

"టొరంటోలో."

"మా ఆవిడ అంతవరకూ ఆగదండీ."

"ఇన్నాళ్లూ ఆగిందిగా!"

నేనూ నవ్వాను. ఊళ్లో ఎవరిని ఏడిపించాలన్నా నేనే ముందు, మంచి జోకు నాకు తెలుసు. ఇంటికొస్తే మా మరదలు తెరేజ్ కొట్టం దగ్గర నిలబడి ఉంది. "బావా, ఎండ ముదిరింది. కాకులొస్తున్నాయి. అక్కకి చోటు చూడు, నీకు దణ్ణం పెడతా" అంది. దానికి మాత్రం నవ్వు రాలేదు.

4. మూడేళ్లు కదలకుండా కాపురమున్నవాళ్లకే భూమి అని తమ చట్టం. హాస్కెట్ దొర ఒక్క పూటా ఉండలేదు. ఫిలోమెన్ ఉంటుంది. ఊరెళ్లదు, పుట్టింటికి పోతానని అలగదు. అయిదడుగులు చాలు, పొట్టి మనిషి.

కావున ఘనత వహించిన తమరు, మంచు కరిగేలోగా చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఇప్పటివరకూ,
అన్సెల్మ్ లాడూసర్

తా.క.: సిరా ఆరకముందే మంచు కరిగి కొట్టం చూరు కారడం మొదలైంది. తమ జవాబు కోసం ఆగలేదు, పొద్దున్నే పిల్లల పక్కన పెట్టేశాం. ఆ ఒడ్డున చెట్లు కొట్టరాదని తమ ఉత్తర్వు కదా, కొట్టలేదు. సిలువకి తమ సర్వే కొయ్యలు రెండు పీక్కొచ్చాం. నంబర్లు చెరపలేదు. తమవాళ్లు వస్తే ఆవిడ ఎక్కడుందో సులువుగా కనిపిస్తుంది.