దోనెలో లేచి నిలబడ్డాను

ఆదివారం రాత్రి

నాన్న పోయాక మళ్లీ ఈ రోజే కొల్లేట్లో తాటిదోనె ఎక్కాను. మా క్లాసు మంగ, వాళ్ల ఊరు చూపిస్తానని ఏలూరు నుంచి తీసుకెళ్లింది. నీళ్ల మధ్యలో ఉండగా దానికి చెప్పేశాను. ఏడేళ్లప్పుడు కొంగను చూడాలని దోనెలో లేచి నిలబడ్డాను. దోనె తిరగబడింది. నాన్న తేలలేదు. ఇది ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మంగ గెడ వేయడం ఆపేసింది. “ఎంతమంది ఎక్కారే ఆ రోజు?”

“ఆరుగురం.”

“ముగ్గురు పట్టే దోనెలివి. ఎక్కించుకున్న పెద్దోళ్లది తప్పుగానీ, చిన్నపిల్లవి, నీదేంటే?”

ఒడ్డుకొచ్చాక నన్నే ముందు లేవమంది. దోనె ఊగితే, తను రెండో పక్కకు ఒరిగి ఆపింది.

మంగకు చెప్పనిది ఒకటుంది. “సర్దుకోండి, ఏం పర్లేదు” అంటూ ఆ రోజు అందరినీ ఎక్కించింది నాన్నే.