ఎడమచేతి లూగర్

మార్చి 4, బుధవారం

నా వెబ్‌సైటు చరిత్రలో ఇది మహత్తరమైన రోజు. ప్రభుత్వం నా మాట నమ్మింది. మా అమ్మ ఇంకా నమ్మడం లేదు.

అంతరిక్ష సినిమాల్లో హీరోలు పట్టుకునే లేజర్ తుపాకులు చాలావరకు పాత యుద్ధాల నాటి అసలు తుపాకులే. పైన నాలుగు గొట్టాలు, ఒక టార్చిలైటు అద్దం, కాస్త వెండి రంగు, అంతే. ఆ వేషం కింద ఉన్నది ఏ తుపాకో కనిపెట్టడం కాలేజీ రోజుల నుంచి నా పని. పని అంటే అమ్మ ఒప్పుకోదు, రోగం అంటుంది. పగలు మ్యూజియంలో లేబుళ్ళు రాస్తాను. సాయంత్రం సినిమాలను ఫ్రేము ఫ్రేముగా ఆపి చూస్తాను. ఇప్పటికి నూట పన్నెండు పట్టుకున్నాను.

ఇలా సినిమా సామాన్లలో మిగిలిపోయిన అసలు తుపాకులన్నిటినీ స్వాధీనం చేసుకుని ఈ నెలలోనే కోసేస్తారట. వాటి జాబితా పేపర్లో వేశారు. నాదే. అక్షరదోషాలతో సహా దింపేశారు. అద్దం ముందు నిలబడి నాకు నేనే నమస్కారం పెట్టుకున్నాను.

మార్చి 6

ఒకావిడ ఫోన్ చేసింది. వాళ్ళ నాన్న సినిమా సెట్లు కట్టిన వడ్రంగి. ఆయన చేసిన లేజర్ పిస్తోలు హాల్లో అద్దాల బీరువాలో ఉండేదట, పొద్దున్నే వచ్చి పట్టుకుపోయారట. అది చెక్కండీ, చెక్క అంటుంది.

పాపం తెలియదనుకుని వివరించాను. నా జాబితాలో అది ఇరవై ఏడో నంబరు. నాకు పేరు తెచ్చిపెట్టిందే అది. లోపల ఉన్నది లూగర్, జర్మనీ పిస్తోలు, అందులోనూ ఎడమచేతి రకం. ఆవిడ అంతా విని, ఆ ముక్క మా నాన్న ఎదురుగా వచ్చి చెప్పు చూద్దాం అని ఫోన్ పెట్టేసింది.

మార్చి 7

వెళ్ళలేదు.

మార్చి 8, ఆదివారం

వెళ్ళాను.

మూడో అంతస్తు. బాల్కనీలోనే పనిబల్ల, దాని మీద చిత్రిక పట్టే సామాను వరసగా. పెద్దాయనకి ఎనభై ఒకటి. తిడతారని సిద్ధపడి వెళితే, ఏమ్మా టీ తాగుతావా అన్నారు. ఆ తరవాత, అది లూగరని ఎలా పోల్చావు అని అడిగారు. నేనేమో లెక్చరు దంచాను. పిడి వంపు ఇంత, వీపు మీద మడతపడే కీలు ఇలా, చుట్టూ గాట్లు ఇన్ని. ఆయన కళ్ళు మూసుకుని, పాట వింటున్నట్టు తలాడించారు. అన్నీ కనిపించాయన్నమాట నీకు, అన్నారు. అప్పుడు తట్టింది, నేను ఇప్పటిదాకా ఆయన పనితనాన్నే పొగుడుతున్నానని.

మరి మీటలన్నీ కుడివైపు ఎందుకున్నాయి అన్నాను. లూగర్‌కి అవి ఎడమవైపు ఉంటాయి. ఆయన లోపలికెళ్ళి ఒక పాత పత్రిక కాగితం తెచ్చారు. చేతిలో లూగర్‌తో ఒక సైనికుడు, వెనక కొట్టు బోర్డు. బోర్డు మీద అక్షరాలు తిరగబడి ఉన్నాయి. ప్రెస్సువాళ్ళు ఫొటోని తిప్పి అచ్చేశారు. తుపాకీ అన్నది జన్మలో ముట్టని మనిషి, ఆ ఫొటో చూసి, ఉన్నది ఉన్నట్టు చెక్కాడు.

ఇక నా సంగతి. మూడేళ్ళ క్రితం ఆ మీటలు చూసినప్పుడు, బుర్ర ఉన్నవాళ్ళెవరైనా ఎక్కడో తేడా కొట్టింది అనుకుంటారు. నేను మాత్రం, ఎడమచేతి వాటం వాళ్ళ కోసం చేసిన అరుదైన రకం, నలభై మాత్రమే చేశారు అని రాశాను. నలభై ఎక్కడిది? నా నోటికొచ్చింది. ముప్పై మరీ తక్కువనిపించింది. యాభై అంటే అరుదుగా అనిపించలేదు. పిస్తోలు మీద నంబరు కనబడకపోతే, అరగదీసేశారు, దొంగసరుకు అని కూడా రాశాను. ఆ ఒక్క వాక్యం వల్లే అందరికంటే ముందు ఈ ఇంటికి వచ్చారు.

పెద్దాయనకి చెప్పేశాను. టీ చల్లారిపోతోంది తాగమ్మా, అన్నారు.

మార్చి 9

తుపాకులు పట్టుకుపోయిన ఆఫీసుకి వెళ్ళాను. ఎడమచేతి లూగర్ అన్నది లేదండీ, నేనే పుట్టించాను అని రాసిచ్చాను. ఆఫీసరు మర్యాదస్థుడు. అయస్కాంతం అంటుకుందే అన్నాడు. కిలో బరువుందే అన్నాడు. పెద్దాయన లోపల ఇనపచువ్వ పెట్టారు. తేలికైతే హీరో చెయ్యి ఊగుతుంది, అబద్ధమని మోచేతి దగ్గరే తెలిసిపోతుంది అని ఆయన లెక్క. అదీ చెప్పాను. ఆఫీసరు, అప్పుడు రాసింది అబద్ధం, ఇప్పుడు చెప్పేది నిజం అంటావు, నేనేది నమ్మాలమ్మా అన్నాడు.

దీనికి నా దగ్గర జోకు ఉండాలి. లేదు.

ఒక చిన్న గీత గీసి చూడండి అన్నాను. సీలు వేశాక గీత గియ్యడానికి వీల్లేదట. కొయ్యడానికి వీలుందట. ఇరవయ్యో తేదీ.

మార్చి 11

వెబ్‌సైటులో తప్పు ఒప్పుకున్నాను. ఎవరికి అమ్ముడుపోయావు అని అడుగుతున్నారు జనం. కల్పించి రాసినన్నాళ్ళూ ఒక్కడూ అనుమానపడలేదు.

మార్చి 14

పై అధికారులకి ఆరు ఉత్తరాలు రాశాను. ఆరింటికీ జవాబు లేదు.

మార్చి 17

పెద్దాయన ఫోన్. ఇనుము కోసే గ్రైండరు వద్దని చెప్పు, చెక్క కాలిపోతుంది, నా రంపం తెస్తాను అన్నారు. కొయ్యనిచ్చేస్తారా అన్నాను. ముప్పై నాలుగేళ్ళుగా స్టూడియోలో అందరిదీ అదే మాటట. అసలు తుపాకీకి గొట్టాలు అతికించాడు, అందులో ఏముంది అని. సినిమా పేర్లలో ఆయన పేరు అందుకే వెయ్యలేదట. నువ్వు కొత్తగా అన్నదేం కాదులేమ్మా, అన్నారు. కోస్తేగానీ నమ్మరంటే కొయ్యనీ.

నేను బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాను. అమ్మ, నీళ్ళు ఊరికే పోతున్నాయే అని అరిచింది.

మార్చి 20, మధ్యాహ్నం 3

ఆఫీసు వెనక ఆవరణ. ఒక మూల తునకలైన ఇనుము కుప్ప. అవి నిజంగా తుపాకులే. నేను పట్టించినవే. రెండు ముక్కలు చెయ్యాలని రూల్లో ఉంది గానీ దేనితోనో లేదు కాబట్టి ఆఫీసరు రంపానికి ఒప్పుకున్నాడు. చువ్వ ఎక్కడ ఆగుతుందో పెద్దాయనకి తెలుసు. దానికి కాస్త వెనక పెన్సిలు గీత పెట్టారు. నేను పిస్తోలు కదలకుండా పట్టుకున్నాను.

మూడో లాగుకి పొట్టు రాలింది, ఆఫీసరు బూటు మీద. అతను వంగి, చిటికెడు తీసి, నలిపి, వాసన చూసి, టేకు అన్నాడు. టేకేనండీ, పాత టేబులు కాలు, అన్నారు పెద్దాయన.

ఇక చాలు, ఆపండి, అన్నాడు ఆఫీసరు. గాటు ఇంకా వేలెడు లోతు కూడా లేదు. అతికించుకోవచ్చు. ఆపండి తాతగారూ అని నేనూ అన్నాను. ఆయన ఆపలేదు. సగంలో వదిలితే పీచు లేస్తుందమ్మా అంటూ చివరిదాకా కోసేశారు.

గుమాస్తా రసీదు రాశాడు. కలప ముక్కలు రెండు. చేసినవారు అన్నచోట పెద్దాయన పూర్తి పేరు. కళ్ళజోడు తేలేదు, చదివి పెట్టమ్మా అన్నారు. చదివాను. మళ్ళీ చదవమన్నారు.

మార్చి 24

రసీదుకి ఫ్రేము కట్టించి అద్దాల బీరువాలో పెట్టారు. ముక్కల సంగతి అడిగితే, కట్టెపుల్లలు నాకెందుకు, పట్టుకుపో అన్నారు.