ఒక్క రింగు వస్తే అందరూ బాగున్నట్టు

మొగుళ్లపల్లిలో ఉన్న మా అక్కకు సూరత్ నుంచి సాంబయ్య దండం పెట్టి రాస్తున్న సంగతులు. నేను బాగున్నాను. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారనే అనుకుంటున్నాను. మన చిన్న తమ్ముడు రాజు కూడా బాగున్నాడనే అనుకుంటున్నాను. నా గురించి దిగులు పడకు.

ఇక్కడ చలి ఎక్కువగా ఉంది. మెస్సులో పప్పుకు కారమే ఉండదు. నా పక్క మగ్గం మల్లేశం, జనగామ మనిషి, తెచ్చుకున్న తొక్కుతో నెట్టుకొస్తున్నాం.

మగ్గాల మోతలో పిడుగు పడ్డా వినపడదని నీకు తెలుసు. అందుకే అదిరితే తెలిసేలా ఫోన్ నడుముకు కట్టుకుంటాను. నాయిన పోయినప్పుడు జ్వరమని చెప్పి పిలిపించావు. ఇక అబద్ధాలు వద్దనే కదా ఈ రింగుల లెక్క పెట్టుకున్నాం? ఒక్క రింగు వస్తే అందరూ బాగున్నట్టు, మూడు వస్తే ఎవరో పోయినట్టు. తెలంగాణ ఇస్తున్నామని చెప్పిన రోజు రాజు ఆ లెక్కే మరిచాడు. వరంగల్ హాస్టల్ నుంచి తొమ్మిదిసార్లు కొట్టాడు. మగ్గం వదిలేసి బయటికి ఉరికాను. పోగులు తెగి సేటుతో తిట్లు తిన్నాను. తిరిగి ఫోన్ చేస్తే వాడు ఏడుస్తున్నాడు. "అన్నా, తెలంగాణ అచ్చింది" అన్నాడు. గాడిద అని తిట్టి నేనూ ఏడ్చాను.

ఢిల్లీ వాళ్లు ఆ మాట వెనక్కి తీసుకున్న సంగతి మాత్రం చాయ్ హోటల్ టీవీలో తెలిసింది. మల్లేశం తాగుతున్న గ్లాసు కింద పెట్టాడు. "మన పోరగాళ్లు పాణాలు తీసుకుంటరేమో సాంబన్నా" అన్నాడు. తర్వాత టీవీలో అవే వార్తలు. వరంగల్ విద్యార్థి అంటారు, పేరు చెప్పేలోపు ప్రకటన వస్తుంది.

అప్పటి నుంచి రాజు ఫోన్ పలకడం లేదు. నీ ఫోన్ నుంచి రోజూ ఒక్క రింగు వస్తోంది. నేను మూడుసార్లు తిరిగి చేస్తే మూడుసార్లూ బావే ఎత్తాడు. "ఇంటికే అచ్చిండు, మంచిగనే ఉన్నడు, పండుకున్నడు" అంటాడు. మిట్టమధ్యాహ్నం కూడా పండుకునే ఉన్నాడా అక్కా? నువ్వెందుకు ఫోన్ దగ్గరికి రావు? నాకు భయంగా ఉంది.

పెద్దమ్మకు దండాలు చెప్పు, పిల్లలకు ముద్దులు. ఈ ఉత్తరం ఊరికి పోతున్న మల్లేశం చేతికిస్తున్నాను. బంద్ అయినా నడిచైనా వచ్చి ఇస్తానన్నాడు. తొక్కులు, బట్టలు ఏమీ పంపకు. కింద కొంచెం కాగితం ఖాళీ వదిలాను. అక్కడ రాజుతో నా పేరు రాయించు. కోడి గీకినట్టుండే వాడి రాత నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. మల్లేశం చేతిలో కాగితం ఖాళీగా తిరిగొస్తే మూడు రింగులు వచ్చాయనుకుని బండెక్కుతాను.

నీ దీవెన కోరుతూ,
సాంబయ్య