జింక కింద రాసిన పేర్లు

నిర్మల్,
10 ఆగస్టు 2025, ఆదివారం.

చిరంజీవి తమ్ముడు హనుమండ్లుకు,

నీ అన్న దశరథం దీవెనలతో రాస్తున్నది. ఇక్కడ అవ్వ మోకాళ్ళు తప్ప అందరం బాగున్నాం. అక్కడ ఎండ తప్ప నీకు వేరే కష్టం లేదని తలుస్తున్నాను. మన గల్లీ వెంకటేశ్ సెలవు అయిపోయి మళ్ళీ మస్కట్ వస్తున్నాడు. అతని చేతికి ఈ ఉత్తరం, మీ వదిన పెట్టిన మామిడికాయ తొక్కు ఇచ్చి పంపుతున్నాను. తొక్కు అయితే కోపం ఉన్నా తింటావు. ఉత్తరం కూడా చదువు. ఫోన్ ఎత్తని మనిషితో మాట్లాడాలంటే నాకు ఇదొక్కటే దారి మిగిలింది.

ముందు మంచి మాట చెప్పేస్తాను, లేకపోతే నువ్వు సగం చదివి పక్కన పెడతావు. మన బిడ్డ ప్రవళికకు డిజైన్ కాలేజీలో సీటు వచ్చింది. హైదరాబాద్‌లో నాలుగేళ్ళ చదువు, హాస్టల్ కూడా దొరికింది. నిన్న పొద్దున మెసేజ్ వచ్చింది. అది చూసినప్పటి నుండి నెత్తి మీది మూట దించినట్టుంది నాకు. అన్నం తిని పడుకుంటే పొద్దుగూకే దాకా లేవలేదట. మీ వదిన మధ్యమధ్య వచ్చి ఊపిరి ఆడుతున్నదా లేదా అని చూసి పోయిందట.

నువ్వు ఇంజనీరింగ్ అన్నావు. కరీంనగర్‌లో కంప్యూటర్ సీటు వచ్చింది కూడా. అది వదులుకుంటున్నామని చెప్పిన రోజు నువ్వు ఫోన్‌లో అన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. మనిద్దరం చిన్నప్పటి సంది ముక్కులల్ల రంపపుపొట్టు పోయించుకున్నది సాలదా, పిల్లను గూడ గా పనిలనే ముంచుతవా అన్నావు. ఆ రోజు నుండి నా ఫోన్ ఎత్తడం లేదు. నాకూ కోపం వచ్చింది, రాకుండా ఎట్లా ఉంటుంది. కానీ నీ భయం నాకు తెలియనిది కాదు. బొమ్మల పని కడుపు నింపలేదనే కదా నువ్వు దేశం దాటావు. అయితే పిల్ల మళ్ళీ మనం బొమ్మలు చెక్కే పీటల కాడికి రావడానికి చదవడం లేదు. చిన్నపిల్లలు ఆడుకునే వస్తువులు ఎట్లా ఉండాలో గీసి, నమూనా చేసి కంపెనీలకు ఇచ్చే పని అట. నాకు పూర్తిగా అర్థం కాలేదు. తనకు అర్థమైంది కదా, చాలనుకున్నాను.

అనుకున్నానే గాని సీటు వచ్చే దాకా లోపల పరేషాన్‌గానే ఉండేది. ఇంజనీరింగ్‌లో చేరే గడువు దాటిపోయాక ఈ ఇంటర్వ్యూ పెట్టారు. ఇక్కడ కూడా పోతే పిల్లకు ఏడాది పాడు. నీ ముందు నేను తల ఎత్తే మాట ఇక ఉండదు అనుకున్నాను.

ఇప్పుడు ఆ ఇంటర్వ్యూ సంగతి విను. చేసిన పనులు కొన్ని వెంట తీసుకురావాలని, ప్రతి దాని మీద చేసినవారి పేరు ఉండాలని కాలేజీ వాళ్ళు రాశారు. పిల్ల అది చదివి వినిపిస్తే అవ్వ మంచంలో నుండే తీర్పు చెప్పింది. చేసినోళ్ళ పేరంటే అందరియి రాయాలె, ఒక్కతి పేరు రాస్తే అబద్ధమైతది అన్నది. మాకూ నిజమే అనిపించింది. మన ఇంట్లో ఒక బొమ్మను మొదటి నుండి చివరి దాకా ఒక్కరే చేసింది ఎప్పుడైనా చూశావా? కర్ర నేను చెక్కితే, చింతగింజల పిండి ముద్దతో మీ వదిన అతుకులు పెడుతుంది. పైన సుద్ద పూత అవ్వది. రంగులూ, కన్నూ పిల్లవి. అందుకని ప్రతి బొమ్మ అడుగున అందరి పేర్లూ రాసింది. పోయిన చలికాలం సెలవుకు వచ్చినప్పుడు చేతులు ఊరుకోక నువ్వు ఒక జింకను చెక్కావు చూడు, దాని కింద నీ పేరే ముందు. చివరికి కాగితం మీద గీసిన బొమ్మకు కూడా, రంగు నూరింది నేనే గదా అని అవ్వ తన పేరు రాయించుకుంది.

నేనూ పిల్లా హైదరాబాద్ పోయాక గాని మేమెంత తెలివితక్కువ పని చేశామో తెలియలేదు. మిగతా పిల్లలవన్నీ జిప్పు సంచుల్లో ఉన్నాయి, మూలకు ఒక్కటే సంతకం. మావి పిండి సంచిలో పాత చీర చుట్టినవి, అడుగున పెళ్ళి పత్రిక లెక్క ఇంటిల్లిపాది పేర్లు. కొడుకును తీసుకొచ్చిన ఒకాయన నా పక్కనే కూర్చున్నాడు. ఆ పేర్లు చూసి మెల్లగా, అన్నా, వేరేటోళ్ళతోటి చేయించిండ్రనుకుంటరు, జల్ది తుడిచేయుండ్రి అన్నాడు. పాపం మంచికే చెప్పాడు. నేను రుమాలు తడిపి తుడవబోతే ప్రవళిక చేయి పట్టుకుంది. తుడిస్తే గప్పుడైతది అబద్ధం బాపూ అన్నది. అవ్వ మనవరాలు కదా. అంతలోనే లోపలికి పిలిచారు.

లోపల ముగ్గురు ఉన్నారట. ఒక మేడం జింకను తిరగేసి పేర్లన్నీ చదివి, ఇందులో నువ్వు చేసింది ఏమిటమ్మా అని అడిగిందట. రంగులు, కన్ను అన్నదట మన పిల్ల. అంతేనా అంటే అంతే అన్నదట. తన గురించి ఒక్క మాట ఎక్కువ చెప్పుకోవడం దానికి రాదు, అచ్చం నీ లెక్కనే. కాసేపు బయట కూర్చోమన్నారు. వచ్చి నా పక్కన కూర్చొని లోపల జరిగింది చెప్పింది. నీళ్ళు ఇస్తే తాగలేదు. నువ్వన్న మాటలే చెవిలో తిరిగాయి. పిల్ల బతుకు నా చేతులతో నేనే ఖరాబు చేశాననుకున్నాను తమ్మీ.

మళ్ళీ పిలిచారు. పేర్లున్న వాళ్ళలో ఒకరికి ఫోన్ కలిపి మాట్లాడారట. తర్వాత కాగితం ఇచ్చి ఏదో గీయమన్నారట. బయటికి వచ్చాక, ఫోన్ ఎవలకు చేసిండ్రు బిడ్డా అంటే, మనోళ్ళకే బాపూ అని బస్సు ఎక్కింది. మీ వదినకే చేసి ఉంటారనుకొని మళ్ళీ అడగలేదు.

అప్పటి నుండి నేనూ, మీ వదినా పిల్ల ఫోన్ వంకే చూస్తూ గడిపాం. నిన్న మెసేజ్ చదివి వినిపిస్తే మీ వదిన చేతిలో బియ్యం చాట అట్లాగే పట్టుకొని గడపలో కూలబడి ఏడ్చింది. కాసేపటికి నవ్వింది. బియ్యం ఎందుకు తెచ్చిందో మాత్రం మరిచిపోయింది. అవ్వకు చెబితే, గంతమందిమి చేసినం, ఎట్లియ్యరు అన్నది. ఆమె ఒక్కతే ఈ ఇంట్లో ఒక్క రోజు కూడా ఫికర్ పడలేదు.

నువ్వు నా మీద కోపంగానే ఉంటే ఉండు. పిల్లతో మాత్రం ఒక్కసారి మంచిగా మాట్లాడు. వచ్చే నెల మొదట్లో హాస్టల్‌కు పోతుంది. చిన్నబాపు దీవించకుండా గడప దాటితే దానికి వెలితిగా ఉంటుంది. నాకూ ఉంటుంది. పైలం. ఎండలో పని చేసేటప్పుడు నెత్తికి తువ్వాల చుట్టుకో.

ఇట్లు,
నీ మీద ఇంకా జర కోపం ఉన్న
నీ అన్న దశరథం.

తా.క.: కవరు అంటించబోతూ, గా కాలేజోళ్ళకు నువ్వేం చెప్పినవే అని మీ వదినను అడిగాను. నాకెవ్వలు ఫోన్ చేయలే అన్నది. పిల్లను పిలిచి గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది. బయట కూర్చున్న నాన్న వద్దు, ఇంట్లోవాళ్ళూ వద్దు, దూరంగా ఉన్న ఈ హనుమండ్లుతోనే మాట్లాడతామని ఆ మేడం పిల్ల దగ్గర నంబరు తీసుకొని, అందరికీ వినబడేటట్టు నీకు కలిపిందట. నీ గొంతు వినగానే ఇక సీటు పోయిందనుకుందట ప్రవళిక. ఈ చదువు వద్దన్నది నువ్వే. ఆ పిల్లకు ఏం రాదు మేడం అని ఒక్క మాట అంటే నీ పంతమే నెగ్గేది.

నువ్వేమన్నావో అంతా చెప్పింది. కర్ర చెక్కింది నేనే మేడం, గని గప్పుడది మేక లెక్క ఉండె, నేను ఊరికి పోయొచ్చేసరికి మా పిల్ల చెవులు, మెడ గీకి మళ్ళ చేసింది, చూస్తే ఉరికే జింక అయింది, నేను చిన్నబుచ్చుకుంటనని నాకు ఇప్పటిదాక చెప్పలే, నేనూ అడగలే అన్నావట. గసొంటి కన్ను మా ఇంట్ల ఎవ్వలకు రాదు అన్నావట. చివరికి, సీటు ఇస్తరా మేడం అని కూడా అడిగావట. బాపుకు చెప్పకు బిడ్డా అని ఫోన్ పెట్టేశావట.

పైన రాసిన ఉత్తరం మళ్ళీ రాసే ఓపిక లేదు. నా కోపం గురించి రాసిన చోటల్లా కొట్టేసి చదువుకో. వెంకటేశ్ బుధవారానికి నీ దగ్గరికి చేరుతాడు. శుక్రవారం నీకు సెలవు, పొద్దున్నే ఫోన్ చేస్తాను. ఎత్తు తమ్మీ.