బెల్లం మరిగిన బాక్టీరియా

జూన్ 3, సోమవారం

బంటుమిల్లి నుంచి రత్తయ్య పెదనాన్న ఫోన్. చెరువు అడుగున మురుగు ఇంకా నల్లగానే ఉందట, రొయ్యలు మేత ముట్టట్లేదట. నువ్విచ్చిన బాక్టీరియా పౌడర్ పనిచెయ్యట్లేదే సింధూరీ అన్నాడు. పోయిన పంట మొత్తం చచ్చింది. ఇదీ పోతే చెరువు వదిలేస్తాడట. మైక్రోబయాలజీ చదివిన పాపానికి చుట్టాల చెరువులన్నీ నా నెత్తినే.

జూన్ 5

శాంపిల్ గవర్నర్‌పేటలో మా ల్యాబ్‌కి తెప్పించి చూశాను. బాక్టీరియా కోట్లలో ఉంది. పని మాత్రం సున్నా. మురుగును అరిగించే ఎంజైమే లేదు. భోంచేసి పడుకున్న కొత్తల్లుడిలా ఉంది.

జూన్ 8, శనివారం

వెళ్ళాను. కారణం దొరికింది. పౌడర్ నానబెట్టేటప్పుడు డ్రమ్ములో పిడికెడు బెల్లం వెయ్యమన్నాను. ఈయన రోజూ దిమ్మలకు దిమ్మలు కరిగించి చెరువులో కూడా పోస్తున్నాడు!

ఎంత చెప్పాను. తీపి దొరికినంత కాలం ఆ ఎంజైమ్ జీన్‌ని బాక్టీరియా స్విచ్ ఆఫ్ చేసి పెట్టుకుంటుంది, మురుగు జోలికే పోదు అన్నాను. ఖాళీ కడుపుతో ఎవరు పనిచేస్తారే పిచ్చిమొహమా అన్నాడు. నా గొంతు పోయింది.

షెడ్డులో దిమ్మల అంచులన్నీ కొరికేసి ఉన్నాయి. ఎలకలట.

పద్మావతమ్మ పెద్దమ్మ మజ్జిగ ఇచ్చి తన గోడు చెప్పుకుంది. పెదనాన్నకి షుగర్ మూడొందలు దాటిందట. టీలో పంచదార మానిపించిందట, రాత్రిళ్ళు జొన్నరొట్టెలే పెడుతోందట, అయినా దిగట్లేదట. డాక్టర్ మాత్ర మార్చాడట. నాకు చెరువు గొడవే చాలు, వినీ విననట్టు విన్నాను.

జూన్ 9

బెల్లం మానేశానని ఫోన్‌లో ఒట్టేశాడు. నమ్మను.

జూన్ 11

మానలేదు! కొంచెమేనే అంటాడు. లీవు పెట్టి, బస్సెక్కి వెళ్ళి, షెడ్డులో బెల్లం మొత్తం మూటగట్టి ఆటోలో వేయించాను. పెదనాన్న ఆటో వెంట గట్టు చివరిదాకా నడిచాడు. ఒక్క దిమ్మ ఉంచవే అమ్మాయ్ అని బతిమాలాడు. బాక్టీరియా మీద ఇంత ప్రేమేమిటో ఈయనకి.

ఇప్పుడు నా గది నిండా చీమలు.

జూన్ 13

మురుగు అలాగే ఉంది. ఆకలేసి, ఆ జీన్ తెరుచుకుని, ఎంజైమ్ తయారవ్వాలి. టైం పడుతుంది. తెలుసు. తెలిసీ భయంగానే ఉంది. ఈలోగా రొయ్యలు తేలిపోతే? పెదనాన్న నా ఫోన్ ఎత్తట్లేదు.

జూన్ 18

చెరువు నీళ్ళలో అమోనియా దిగింది! అడుగు మట్టిలో కుళ్ళు వాసన తగ్గింది. శాంపిల్‌లో ఎంజైమ్ కనిపించింది. రొయ్యలు మేత ఖాళీ చేస్తున్నాయట. ల్యాబ్‌లో అందరి ముందూ ఏడ్చేశాను.

పెదనాన్న మాత్రం ఇంట్లో అందరి మీదా విసుక్కుంటున్నాడట. చెరువు బాగుపడ్డా ఏడుపేనా!

జూన్ 27

పెద్దమ్మ ఫోన్. పెదనాన్నకి షుగర్ సగానికి దిగిందట. కొత్త మాత్ర భలే పనిచేసిందట.

అవునవును, మాత్రే అన్నాను.

షెడ్డులో ఎలక ఎవరో ఇప్పుడు తెలిసింది.