నువ్వు కూర్చున్నట్టే కూర్చున్నాను

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇంటికి కొత్త గండం వచ్చింది. అన్న కూతురు, నీ మనవరాలు చిన్నీ రేపు టీచరమ్మ ముందు పాఠం చదవాలి. చదవలేకపోతే మళ్లీ ఒకటో తరగతిలోనే కూర్చోబెడతారట.

"ట్యూషన్ వెట్టిచ్చిన గదరా, ఇంక నేనేం జెయ్యాలె?" అని అన్న చేతులు దులుపుకున్నాడు. డిగ్రీ పట్టా పుచ్చుకున్న మహాపండితుణ్ణి, నేనే రంగంలోకి దిగాను. ప్రతి తప్పూ దిద్దేసరికి పిల్ల నోరే మూసుకుంది.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. నా చిన్నప్పుడు, అక్షరం రాని నువ్వు రోజూ ఎదురుగా కూర్చుని, "తర్వాత ఏమైందిరా?" అంటూ నాతో చదివించుకునేవాడివి. తర్వాత ఏమైందని అడుగుతూ నేనూ చిన్నీ ఎదురుగా అలాగే కూర్చున్నాను.

"చిన్నాయినా, నీకు చదువు రాదా?"

"రాదు బిడ్డా. గా పుస్తకంల ఏమున్నదో జర నువ్వే చెప్పు."

చిన్నీ జాలిపడి, వేలు పెట్టి చదువుతూ పేజీ దాటింది. మధ్యలో మూడు తప్పులు చదివింది. నేను దిద్దకుండా, కాలు ఊపుతూ నోరు బిగబట్టుకున్నాను. రేపు ఏమవుతుందో తెలియదు. నువ్వైతే అక్షరాలు రాక ఊరుకున్నావు బాపూ, వచ్చీ ఊరుకోవడం ఇంత కష్టమా?