మేం కుట్టిన సీట్లు

అమ్మా, మా మేనేజరు చేసింది శుద్ధ అన్యాయం. కొత్తగా వచ్చిన ఖరీదైన ఫ్యామిలీ కారును ఫ్యాక్టరీ ఆవరణలో నిలబెట్టి, దాని తోలు సీట్లు కుట్టిన శ్రమజీవులమైన మేమే ఎక్కకుండా చుట్టూ తాడు కట్టించాడు. నాకు ఒళ్లు మండింది. “మా చేతులు పనికొచ్చాయి గానీ, మా పిర్రలు పనికిరావా సార్?” అని అందరి ముందూ అడిగేశాను. ముందు ఆయనే పగలబడి నవ్వాడు, తరువాత తాడు విప్పించాడు. ఆదివారం మా కుటుంబాలన్నిటినీ అందులో తిప్పుతారు!

వెనక సీటు నేను కుట్టిందే. నువ్వు నేర్పిన కుట్టే కాబట్టి వేలితో తడిమి చూసి, వంకరుంటే తిట్టు. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? కాళ్లు చాపుకునేంత చోటుందని చెప్పు. నా నీలం చొక్కా తీసుకురా. కారు పాడవుతుందని చెప్పులు విప్పి ఎక్కావంటే మాత్రం ఊరుకోను. చెల్లికి నా ఆశీస్సులు. ఆదివారం ఉదయం సరిగ్గా పది గంటలకు మన ఇంటిల్లిపాదీ ఫ్యాక్టరీ గేటు ముందు సమావేశం కావాలి!